న్యూక్లియో బోర్డుకు కరెంటు ఇవ్వడం, డీబగ్గింగ్‌కు సిద్ధం చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నాకు వచ్చే ప్రశ్నలు మారవు, అడిగే పిల్లలే మారతారు. "సర్, కోడ్ సరిగ్గానే ఉంది, బోర్డే పనిచేయడం లేదు" అని మొదలుపెడతారు. బోర్డు బాగానే ఉంటుంది. చాలాసార్లు కోడ్ కూడా బాగానే ఉంటుంది. కరెంటు ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది అన్నది మాత్రం ఎవరూ చూసి ఉండరు. అందుకే పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించే ఒక బోర్డును పట్టుకుని జవాబులన్నీ ఒకచోట రాశాను. ఆ బోర్డు ఎస్టీమైక్రోఎలక్ట్రానిక్స్ వారి న్యూక్లియో-ఎఫ్401ఆర్ఈ. అందులోని చిప్పు కార్టెక్స్-ఎం4, వేగం 84 మెగాహెర్ట్జ్, ఫ్లాష్ 512 కిలోబైట్లు, ర్యామ్ 96 కిలోబైట్లు. మీ బోర్డు మీద ఎంబీ1136 అని ఉంటే ఇక్కడ చెప్పిన జంపర్ల (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగుల) పేర్లు, అంకెలు ఉన్నవున్నట్టు సరిపోతాయి. తరువాతి తరం న్యూక్లియోల్లో జంపర్లు వేరు. వాటికి ఈ అంకెలు వాడకండి.

పెట్టె తెరిచాక మొదట ఏం చేయాలి?

ఏమీ చేయకుండా కాసేపు చూడండి. ఒకే పలక మీద రెండు బోర్డులు కనిపిస్తాయి. యూఎస్‌బీ సాకెట్ ఉన్న చిన్న ముక్క ఎస్టీ-లింక్, అంటే డీబగ్గర్: చిప్పులోకి ప్రోగ్రామ్ ఎక్కించేది, అది నడుస్తుండగా లోపల ఏం జరుగుతోందో చూపించేది. దానికి సొంత చిప్పు ఉంది. కింది పెద్ద ముక్కలో ఉన్నదే మనం ప్రోగ్రామ్ చేసే ఎఫ్401. రెండింటి మధ్య పలకను సన్నగా కోసి వదిలారు, కావాలంటే విరిచి వేరు చేసుకోవచ్చు. ఒకే ప్రహరీలో రెండు ఇళ్లు, కరెంటు మీటరు ఒక్కటే అనుకోండి. ఈ పేజీలోని తగాదాలన్నీ ఆ మీటరు దగ్గరే.

తరువాత మినీ-బి యూఎస్‌బీ కేబుల్ పెట్టి కంప్యూటరుకు కలపండి. పాత డిజిటల్ కెమెరాలకు వచ్చే రకం అది, ఫోన్ కేబుల్ పట్టదు. ఫ్యాక్టరీలో వేసి పంపిన ప్రోగ్రామ్ పచ్చ ఎల్ఈడీని మిణుకుమనిపిస్తుంది. నీలం బటన్ నొక్కితే మిణుకు వేగం మారుతుంది. ఇది చూడకుండా మీ సొంత ప్రోగ్రామ్ ఎక్కించకండి. బోర్డు మొదటి రోజు బాగానే ఉందని చెప్పే సాక్షి ఇదొక్కటే, ఒకసారి చెరిపేస్తే ఆ సాక్షి ఉండదు.

జంపర్లు ఎలా ఉండాలి?

కంప్యూటర్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటూ ఈ బోర్డునే డీబగ్ చేయడానికి: సీఎన్2 మీద రెండు జంపర్లూ ఉండాలి, జేపీ1 ఖాళీగా ఉండాలి, జేపీ5 జంపర్ యూ5వీ వైపు ఉండాలి, జేపీ6 మీద జంపర్ ఉండాలి. పెట్టెలోంచి వచ్చేటప్పుడు ఇలాగే వస్తుంది. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకున్న బోర్డయితే మాత్రం ఈ నాలుగూ వేలుపెట్టి చూసుకోండి. జంపర్ తీయడం, పెట్టడం ఎప్పుడైనా కేబుల్ పీకేశాకే.

కేబుల్ పెడితే ఎస్టీ-లింక్ దగ్గర ఎర్రగా మిణుకుతోంది, కంప్యూటరులో మాత్రం ఏమీ కనబడడం లేదు. బోర్డు పోయిందా?

నూటికి తొంభై సార్లు కేబులే. కొన్ని కేబుళ్లలో ఛార్జింగ్‌కు కావలసిన రెండు తీగలే ఉంటాయి, సమాచారం మోసే మిగతా రెండూ ఉండవు. పైకి చూస్తే తేడా తెలియదు. నా డబ్బాలో అలాంటి నల్ల కేబుల్ ఒకటి ఉండేది. దాని దెబ్బకు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా డ్రైవర్లు తీసి మళ్లీ వేస్తూ కూర్చున్నాను. సాయంత్రం ఇంకో కేబుల్ పెడితే అర నిమిషంలో వచ్చింది. ఇప్పుడు దానికి ఎర్ర టేపు చుట్టి ఉంది. పారేయకుండా ఎందుకు ఉంచానని అడగకండి.

ఈ బోర్డు ఇక్కడ ఒక మేలు చేస్తుంది. కేబుల్ పెట్టగానే కరెంటు ఎస్టీ-లింక్ ముక్కకు మాత్రమే వెళ్తుంది. ఆ ముక్క కంప్యూటరుకు తనను పరిచయం చేసుకుని, 300 మిల్లీ ఆంపియర్లు కావాలని అడుగుతుంది. కంప్యూటర్ సరే అన్నాకే కింది ముక్కకు కరెంటు వదులుతుంది. అప్పుడే ఎల్‌డీ3 అనే ఎర్ర దీపం వెలుగుతుంది. కాబట్టి ఎస్టీ-లింక్ ముక్క మీది ఎల్‌డీ1 దీపం నెమ్మదిగా ఎర్రగా మిణుకుతూ ఎల్‌డీ3 ఆరిపోయి ఉంటే, పరిచయాలే జరగలేదన్నమాట. కేబుల్ మార్చండి, వేరే పోర్టులో పెట్టండి, మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేయండి. సొంత అడాప్టర్ లేని హబ్‌లు 300 ఇవ్వలేమని చెప్పేయవచ్చు.

ఎల్‌డీ1 రంగులకు అర్థం ఏమిటి?

నెమ్మదిగా ఎర్ర మిణుకు: యూఎస్‌బీ ఇంకా మొదలవలేదు. వేగంగా ఎర్ర మిణుకు: కంప్యూటరుతో మొదటి పలకరింపు అయింది. నిలకడగా ఎరుపు: కంప్యూటరుకూ ఎస్టీ-లింక్‌కూ మధ్య అంతా కుదిరింది. ఎరుపు, పచ్చ మారి మారి వస్తుంటే చిప్పుతో మాటలు నడుస్తున్నాయి. పచ్చ నిలిస్తే అవి సవ్యంగా ముగిశాయి. నారింజ రంగు వస్తే చిప్పు జవాబివ్వలేదు. నాకు ఫోన్ చేసేవారిని మొదట అడిగేది ఈ రంగే. చాలామంది "ఏదో వెలుగుతోంది సర్" అంటారు. ఏ దీపం, ఏ రంగు, మిణుకా నిలకడా అన్నది చెబితే సగం పని అయిపోయినట్టే.

ఫోన్ ఛార్జర్‌తోనో పవర్ బ్యాంకుతోనో బోర్డును నడపవచ్చా?

నడపవచ్చు. అయితే ఛార్జర్‌కు పరిచయాలు తెలియవు కాబట్టి కింది ముక్కకు కరెంటు ఎప్పటికీ రాదు. అప్పుడు జేపీ1 మీద జంపర్ పెట్టాలి. ఆ స్థితిలో బోర్డు వాడుకోదగినది 100 మిల్లీ ఆంపియర్లే అని లెక్క. ప్రదర్శన రోజున బల్ల మీద ఎల్ఈడీలు, చిన్న సెన్సర్లు నడపడానికి సరిపోతుంది. మళ్లీ కంప్యూటరుకు కలిపేటప్పుడు జేపీ1 తీసేయడం గుర్తుపెట్టుకోండి.

పవర్ బ్యాంకులతో ఇంకో చిక్కు ఉంది. తక్కువ కరెంటు లాగితే ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందనుకుని చాలా పవర్ బ్యాంకులు కొద్దిసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. ప్రోగ్రామ్ సరిగ్గా అంతే సేపు నడిచి ఆగుతోందని, తప్పంతా టైమర్ కోడ్‌దేనని ఒక విద్యార్థి రెండు రోజులు వెతికాడు.

యూఎస్‌బీ నుంచి ఎంతవరకు లాగవచ్చు? నా సెన్సర్లు, రిలేలు అన్నీ 5 వోల్టుల పిన్ను నుంచే తీసుకోవచ్చా?

జేపీ1 ఖాళీగా ఉన్నప్పుడు బోర్డుకూ దాని మీద కలిపిన వాటన్నిటికీ కలిపి 300 మిల్లీ ఆంపియర్లు. కాగితం తీసుకుని కూడండి. 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ ఒక్కటి దాదాపు 70 లాగుతుంది. నాలుగు రిలేల మాడ్యూల్‌లో నాలుగూ ఒకేసారి పడితే 280, ఇక చిప్పుకు మిగిలింది ఎంత? చిన్న సర్వో మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు మర్యాదగానే ఉంటుంది. చెయ్యి అడ్డుపెడితే అర ఆంపియర్ దాటుతుంది. రంగులు మారే ఎల్ఈడీ పట్టీలో ఒక్కో ఎల్ఈడీ పూర్తి తెలుపులో 50 నుంచి 60 దాకా తీసుకుంటుంది. ముప్పై ఎల్ఈడీల పట్టీకి ఆంపియరున్నర పైనే.

వీటన్నింటిలో జిత్తులమారి జీఎస్ఎం మాడ్యూల్. నా మొదటి జీఎస్ఎం ప్రాజెక్టులో, 5 వోల్టులు తీసుకునే మాడ్యూల్ బోర్డును నేరుగా న్యూక్లియో పిన్నుకే తగిలించాను. అంతా నడిచేది. సిమ్ నెట్‌వర్క్‌ను పట్టుకోబోయే క్షణానికి ప్రోగ్రామ్ మళ్లీ మొదటికి వచ్చేది. మల్టీమీటర్‌లో వోల్టేజీ చూస్తే నిక్షేపంగా 4.9. ప్రసారం చేసేటప్పుడు ఆ మాడ్యూల్ 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, కానీ ప్రతి 4.6 మిల్లీ సెకన్లకు ఒకసారి అర మిల్లీ సెకను పైచిలుకు మాత్రమే. ఆ గుంటను మల్టీమీటర్ సగటు చేసి మింగేస్తుంది. వోల్టేజీ మార్పును గీతగా గీసి చూపే ఆసిలోస్కోప్ పెడితేనే కనబడుతుంది. మాడ్యూల్‌కు విడిగా అడాప్టర్, దాని కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, రెండింటికీ గ్రౌండ్ ఒకటి: అప్పటి నుంచి ఇబ్బంది లేదు.

ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మొదటికి వస్తోంది. కరెంటు లోపమా, కోడ్ లోపమా ఎలా తేల్చాలి?

చిప్పునే అడగండి. ఎందుకు రీసెట్ అయ్యాడో అతడు రాసిపెట్టుకుంటాడు. చిప్పులో గడియారాలనూ రీసెట్‌నూ చూసుకునే ఆర్‌సీసీ విభాగంలో సీఎస్ఆర్ అనే రిజిస్టర్, అంటే కొన్ని బిట్లు దాచుకునే చిన్న గూడు, ఉంది. కరెంటు పడిపోయి రీసెట్ అయితే ఒక బిట్టు, వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఎక్కడైనా ఇరుక్కుపోతే చిప్పును రీసెట్ చేసే కాపలా టైమర్) కరిచి రీసెట్ అయితే ఇంకో బిట్టు, ప్రోగ్రామే కోరి రీసెట్ చేసుకుంటే వేరొక బిట్టు అందులో నిలుస్తాయి. మెయిన్ ఫంక్షన్ మొదటి వరుసల్లోనే దాన్ని చదివి సీరియల్‌కు పంపండి, చదివాక ఆ బిట్లు చెరిపేయండి. లేకపోతే పాత కారణాలు పేరుకుపోయి తికమకపెడతాయి. ఒక జాగ్రత్త: రీసెట్ పిన్ను బిట్టు దాదాపు అన్ని సందర్భాల్లోనూ వెలిగే ఉంటుంది, ఎందుకంటే లోపలి రీసెట్లు కూడా ఆ పిన్నును కిందికి లాగుతాయి. అదొక్కటే చూసి బటన్‌ను అనుమానించకండి.

ఈ పది వరుసల కోడ్ ప్రతి ప్రాజెక్టులోనూ మొదటి రోజే రాయమంటాను. ఎవరూ రాయరు. మూడో వారంలో రాస్తారు.

బయటి అడాప్టర్ ఎలా కలపాలి? వరుస ముఖ్యమా?

వరుసే ముఖ్యం. రెండు దారులున్నాయి. ఈ5వీ పిన్నుకు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య, 500 మిల్లీ ఆంపియర్ల వరకు ఇవ్వవచ్చు. వీఐఎన్ పిన్నుకు 7 నుంచి 12 వోల్టుల వరకు ఇవ్వవచ్చు. ఏ దారైనా పద్ధతి ఇదీ: జేపీ5 జంపర్‌ను ఈ5వీ వైపుకు మార్చండి. జేపీ1 ఖాళీగా ఉందో లేదో చూడండి. అడాప్టర్ కలిపి ఆన్ చేయండి. ఎల్‌డీ3 వెలిగిందని చూసుకున్నాకే కంప్యూటర్ యూఎస్‌బీ కేబుల్ పెట్టండి.

తిరగేసి, యూఎస్‌బీ ముందు పెడితే ఏమవుతుంది? బోర్డు మొదట కంప్యూటర్ మీద పడుతుంది. మీ మోటార్లు, మాడ్యూళ్లు 300 దాటి లాగబోతే కంప్యూటర్ కరెంటు తగ్గించేయవచ్చు, పోర్టుకు దెబ్బ తగలనూ వచ్చు. అంత ఇవ్వలేనని కంప్యూటర్ మొదట్లోనే కాదంటే పరిచయాలే ఆగిపోతాయి. ఒకసారి చేస్తే ఏమీ కాకపోవచ్చు. అది స్నేహితుడి లాప్‌టాప్ అయితే ఆ ఒకసారి కూడా వద్దు.

వీఐఎన్‌కు 12 వోల్టుల అడాప్టర్ పెడితే ఎక్కువ కరెంటు వస్తుంది కదా?

తక్కువ వస్తుంది. ఈ ప్రశ్నకు కాస్త ఆగి లెక్క చూద్దాం. సంస్థ మాన్యువల్ ప్రకారం వీఐఎన్‌కు 7 వోల్టులిస్తే 800 మిల్లీ ఆంపియర్లు తీసుకోవచ్చు. 7 దాటి 9 వరకు 450. 9 దాటి 12 వరకు 250 మాత్రమే. ఎందుకిలా? లోపల ఉన్నది మిగులు వోల్టేజీని వేడిగా వదిలేసే లీనియర్ రెగ్యులేటర్. 12 నుంచి 5 తీసేస్తే 7, దాన్ని 0.25 ఆంపియరుతో గుణిస్తే 1.75 వాట్లు. 9 నుంచి 5 తీస్తే 4, దాన్ని 0.45తో గుణిస్తే 1.8. 7 నుంచి 5 తీస్తే 2, దాన్ని 0.8తో గుణిస్తే 1.6. మూడుచోట్లా వేడి దాదాపు ఒకటే! అంత చిన్న ముక్క అంతకుమించి వేడిని వదిలించుకోలేదు, అంతే. వేలు పెట్టి ఉంచలేనంత కాలుతోందంటే పరిమితి దగ్గరికి వచ్చారని. ఇంట్లో పాత వైఫై రౌటర్ 12 వోల్టుల అడాప్టర్ పడి ఉందని దాన్నే వాడేస్తారు. 5 వోల్టుల మంచి అడాప్టర్ కొని ఈ5వీకి ఇవ్వడమే నా సలహా.

3.3 వోల్టులు నేరుగా ఇవ్వవచ్చా?

3.0 నుంచి 3.6 మధ్య ఇవ్వవచ్చు, బ్యాటరీ ప్రాజెక్టులకు అదే దారి. కానీ ఆ దారిలో ఎస్టీ-లింక్‌కు కరెంటు ఉండదు, ప్రోగ్రామ్ ఎక్కించడం, డీబగ్ చేయడం కుదరవు. పైగా ఎస్టీ-లింక్ ముక్కను విరిచి తీసేసి ఉండాలి, లేదా ఎస్‌బీ2, ఎస్‌బీ12 అనే సోల్డర్ వంతెనలు (పలక మీద సోల్డర్‌తో కలిపిన చిన్న అతుకులు) తెరవాలి. డీబగ్గింగ్ ముగిశాక చేసే పని ఇది. ముందే చేసి, ఎక్కించడం లేదేమిటని అడగవద్దు.

ఎస్టీ-లింక్ ముక్కను విరిచేశాక ప్రోగ్రామ్ మొదటి వరుసల్లోనే నిలిచిపోతోంది. ఏమైంది?

గడియారం పోయింది. ఈ బోర్డులో కింది చిప్పుకు బయటి 8 మెగాహెర్ట్జ్ గడియారం క్రిస్టల్ నుంచి రాదు, ఎస్టీ-లింక్ చిప్పు తన గడియారాన్నే పక్కింటికి వైరు లాగినట్టు పంపుతుంది. వైరు తెగితే, బయటి గడియారం కోసం ఎదురుచూసే మీ కోడ్ అక్కడే కూర్చుంటుంది. ఎఫ్401 చిప్పులోనే ఉండే హెచ్ఎస్ఐ గడియారానికి మారండి, లేదా ఖాళీగా వదిలిన చోట క్రిస్టల్ సోల్డర్ చేయించండి.

నిన్నటి వరకు పనిచేసింది, ఇవాళ చిప్పు కనబడడం లేదని డీబగ్గర్ అంటోంది. నారింజ దీపం వస్తోంది.

మొదట జేపీ6 మీద జంపర్ ఉందా? నవ్వకండి. కరెంటు కొలవడానికి దాన్ని తీసి, చొక్కా జేబులో వేసుకుని, మర్నాడు వేరే చొక్కాలో వచ్చి గంటసేపు తల పట్టుకున్నవాణ్ణి నేనే. అది లేకపోతే ఎర్ర ఎల్‌డీ3 వెలుగుతూనే ఉంటుంది, ఎఫ్401కు మాత్రం కరెంటు ఉండదు.

అది ఉంటే, నిన్న రాత్రి మీరు చివరిగా ఎక్కించిన ప్రోగ్రామ్ గురించి చెప్పండి. డీబగ్గర్ ఈ చిప్పుతో పీఏ13, పీఏ14 అనే రెండు పిన్నుల మీదే మాట్లాడుతుంది. వాటిని మామూలు పిన్నులుగా మార్చేస్తే, ప్రోగ్రామ్ మొదలైన మరుక్షణం తలుపు మూసుకుంటుంది. ఎవరూ కావాలని చేయరు. ఎస్టీ వారి క్యూబ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టు తయారుచేసేటప్పుడు డీబగ్ అన్న చోట 'సీరియల్ వైర్' ఎంచుకోకుండా, వాడని పిన్నులన్నీ అనలాగ్‌గా మార్చమన్న గడిలో టిక్ పెడతారు. కరెంటు ఆదా అవుతుందని ఎక్కడో చదివి ఉంటారు. అవుతుంది కూడా. చిప్పును లోతైన నిద్రలోకి పంపే ప్రోగ్రామ్ ఎక్కించినా ఇదే గతి.

భయపడాల్సింది లేదు, చిప్పు పోలేదు. క్యూబ్ ప్రోగ్రామర్‌లో కనెక్ట్ పద్ధతిని 'అండర్ రీసెట్'గా మార్చి ప్రయత్నించండి. రీసెట్ పిన్నును పట్టి ఉంచి, మీ ప్రోగ్రామ్ ఒక్క అడుగు కూడా వేయకముందే చిప్పును ఆపుతుంది. అప్పుడు ఫ్లాష్ చెరిపేయండి. అదీ కుదరకపోతే సీఎన్7లో 5, 7 పిన్నుల మధ్య జంపర్ పెట్టి రీసెట్ చేయండి. అప్పుడు చిప్పు మీ ప్రోగ్రామ్‌ను పక్కనపెట్టి ఫ్యాక్టరీ బూట్‌లోడర్ (చిప్పులో ముందే ఉండే, చెరగని చిన్న ప్రోగ్రామ్) లోకి వెళ్తుంది, తలుపు తెరిచే ఉంటుంది. చెరిపాక ఆ జంపర్ తీసేయండి. మరిచిపోతే "ఎక్కుతోంది గానీ నడవడం లేదు" అని ఇంకో ప్రశ్న అడగాల్సి వస్తుంది.

నిద్ర మోడ్‌ల కోడ్‌ను డీబగ్ చేయడం ఎలా?

డీబీజీఎంసీయూ అనే విభాగంలో స్లీప్, స్టాప్, స్టాండ్‌బై మూడింటికీ ఒక్కో బిట్టు ఉంది. వాటిని పెడితే చిప్పు నిద్రపోయినా డీబగ్గర్ తీగ తెగదు. లైబ్రరీలో వీటికి సిద్ధంగా ఫంక్షన్లున్నాయి. అయితే అప్పుడు జరిగేది దొంగనిద్ర, గడియారాలు లోపల తిరుగుతూనే ఉంటాయి. ఆ స్థితిలో కరెంటు కొలిచి "డేటాషీట్ అబద్ధం చెబుతోంది" అనకూడదు.

మరి కరెంటు సరిగ్గా కొలవడం ఎలా?

జేపీ6 జంపర్ తీసి, ఆ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌ను మిల్లీ ఆంపియర్ల స్థానంలో పెట్టండి. పై మూడు బిట్లు తీసేసిన ప్రోగ్రామ్ ఎక్కించండి. డీబగ్ సెషన్ మూసేయండి, ఒకసారి కేబుల్ పీకి మళ్లీ పెట్టి అప్పుడు చదవండి. మైక్రో ఆంపియర్ల స్థానంలో ఒక ఇబ్బంది ఉంది. మీటరు లోపలి నిరోధం పెద్దది కాబట్టి చిప్పు మేలుకోగానే వోల్టేజీ పడిపోయి రీసెట్ కావచ్చు. పెద్ద స్థానంలో మొదలుపెట్టి, నిద్రలోకి వెళ్లాక కిందికి దించండి.

పని అయ్యాక మీటరు ఎర్ర తీగను వోల్టుల సాకెట్‌లోకి మార్చండి. ఆంపియర్ల సాకెట్‌లోనే ఉంచి, తరువాత ఎవరో వచ్చి 5 వోల్టులు చూద్దామని పెడితే అది నేరుగా షార్ట్.

బ్రేక్‌పాయింట్ దగ్గర ఆపితే మోటారు ఆగడం లేదు!

ఆగదు. బ్రేక్‌పాయింట్, అంటే కోడ్‌లో ఇక్కడ ఆగమని మీరు పెట్టే గుర్తు, ఆపేది కోర్‌ను (కోడ్ నడిపే భాగాన్ని) మాత్రమే. టైమర్లు వాటి పని అవి చేసుకుపోతాయి, చివరిగా ఇచ్చిన వేగంతో మోటారు తిరుగుతూనే ఉంటుంది. రోబో చక్రాలకు, హీటర్లకు ఇది ప్రమాదం. బల్ల మీంచి రోబో దూకేశాక అడగడం కంటే ముందే డీబీజీఎంసీయూ ఫ్రీజ్ రిజిస్టర్లలో ఆయా టైమర్ల బిట్లు పెట్టండి. అప్పుడు కోర్‌తోపాటు టైమరూ ఆగుతుంది. అప్పటికీ పిన్ను ఏ స్థితిలో ఆగిపోతుందో చూసుకోండి, పైస్థాయిలో ఆగితే మోటారుకు పూర్తి కరెంటే. డీబగ్గింగ్ రోజుల్లో మోటారు సప్లైకి చేతికందే దూరంలో ఒక స్విచ్ ఉండాలి. వాచ్‌డాగ్‌కూ అక్కడే బిట్టు ఉంది. అది పెట్టకపోతే మీరు బ్రేక్‌పాయింట్ దగ్గర ఆలోచిస్తుండగానే అది రీసెట్ చేసేస్తుంది.

ఫ్లాష్‌లో నడిచే కోడ్‌కు ఈ చిప్పులో హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లు ఆరే. ఏడోది పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఊరుకుంటాయి, కొన్ని గొడవ చేస్తాయి.

సీరియల్ మానిటర్‌లో ఏమీ రావడం లేదు.

ఎస్టీ-లింక్ ద్వారా కంప్యూటరుకు వెళ్లేది యూఏఆర్టీ2 అనే సీరియల్ దారి, అంటే పీఏ2, పీఏ3. ఆర్డ్యునో సాకెట్‌లోని డీ0, డీ1 కూడా ఆ పిన్నులే అని బొమ్మలో ఉంటుంది గానీ, బోర్డు వచ్చినప్పుడు వాటికి తీగ కలిసి ఉండదు. అక్కడ బ్లూటూత్ మాడ్యూల్ పెట్టి రాలేదంటే రాదు. వేరే యూఏఆర్టీ వాడండి.

ఈ ఎస్టీ-లింక్‌తో బయటి బోర్డును, ఉదాహరణకు 'బ్లూ పిల్' అనే నీలి రంగు చిన్న బోర్డును డీబగ్ చేయవచ్చా?

చేయవచ్చు. సీఎన్2 జంపర్లు రెండూ తీసేయండి. సీఎన్4లో పిన్నుల వరుస: ఒకటి బయటి బోర్డు వోల్టేజీ, రెండు ఎస్‌డబ్ల్యూ క్లాక్, మూడు గ్రౌండ్, నాలుగు ఎస్‌డబ్ల్యూ డేటా, ఐదు రీసెట్, ఆరు ఎస్‌డబ్ల్యూఓ. ఒకటో పిన్ను కరెంటు ఇచ్చేది కాదు, అవతలి బోర్డు ఎంత వోల్టేజీ మీద ఉందో తెలుసుకునేది. బయటి బోర్డుకు సొంత కరెంటు ఉండాలి. కోఠిలో గుజరాతీ గల్లీలోనో, ఆన్‌లైన్‌లోనో దొరికే పెన్‌డ్రైవ్ ఆకారపు నకలు ఎస్టీ-లింక్‌లు దీనికి విరుద్ధం. వాటి 3.3 వోల్టుల పిన్ను కరెంటు ఇస్తుంది. ఒకదానికి అలవాటుపడి రెండోదాన్ని అలాగే కలిపితే, రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి తలపడతాయి. పైగా ఆ నకళ్లలో పిన్నుల వరుస ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, డబ్బా మీద అచ్చువేసిందే చూడండి.

రీసెట్ తీగ కూడా కలిపితే, న్యూక్లియో మీద ఎస్‌బీ12 తెరవాలి, లేకపోతే సొంత చిప్పు రీసెట్ కూడా దానికి తగులుకుని ఉంటుంది. తీగలు జానెడు మించకుండా చూడండి. పొడవు తప్పదంటే క్లాక్ వేగం తగ్గించండి.

గ్రౌండ్ కలపడం మరిచిపోతే ఏమవుతుంది?

అసలు పనిచేయకపోతే అదృష్టమే. ఒక్కోసారి పనిచేస్తుంది, అదే కష్టం. రెండు బోర్డుల మధ్య డేటా తీగలుండి గ్రౌండ్ లేకపోతే, కరెంటు తిరుగు దారిని వెతుక్కుంటూ పిన్నుల లోపలి రక్షణ డయోడ్ల గుండా వెళ్తుంది. కేబుల్ పీకేసినా ఎల్ఈడీ మసకగా వెలుగుతూ ఉండటం మీరు చూసే ఉంటారు. పక్క బోర్డు డేటా తీగ నుంచి దొంగ కరెంటు వస్తోందన్నమాట. ఆ స్థితిలో చిప్పు సగం మేలుకుని సగం నిద్రలో ఉంటుంది, రీసెట్ కూడా సరిగ్గా కాదు. బ్రెడ్‌బోర్డు మీద మొదట గుచ్చేది, చివర తీసేది నల్ల తీగే కావాలి.

బోర్డు ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోంది.

లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి చూడండి, పోతుంది. ఛార్జర్ లోపల మెయిన్స్‌కూ అవతలి వైపుకూ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేని చోట వాటి వల్ల మీ గ్రౌండ్ 230 వోల్టుల్లో దాదాపు సగం దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది, చిప్పుకు అంత భరోసా లేదు. పైగా ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని తగిలించిన క్షణంలో ఆ తేడా అంతా మీ బోర్డు మీదుగా దిగుతుంది. హాస్టల్ గదుల్లో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది గానీ మూడో కన్నం వెనక తీగ ఉందో లేదో ఎవరికీ తెలియదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, ఈలోపు లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెట్టి పనిచేయండి.

లినక్స్‌లో అనుమతి లేదంటోంది.

యూఎస్‌బీ పరికరాలను ఎవరు వాడవచ్చో చెప్పే యూడెవ్ నియమాల ఫైల్ వేయలేదు. ఓపెన్ఓసీడీ అనే డీబగ్గింగ్ సాఫ్ట్‌వేర్‌తోపాటు అది వస్తుంది, దాన్ని సరైన ఫోల్డర్‌లో పెట్టి కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. ప్రతిసారీ సూడోతో నడపడం అలవాటు చేసుకోకండి.

జేపీ6 జంపర్ పోయింది. ఎక్కడ దొరుకుతుంది?

2.54 మిల్లీమీటర్ల మామూలు జంపరే అది. పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద, పాత హార్డ్‌డిస్క్ వెనక ఉంటుంది, ఒకటి పీక్కోండి. అదీ లేకపోతే రెండు వైపులా కన్నాలున్న చిన్న తీగను ఆ రెండు పిన్నులకూ గుచ్చితే ఆ పూటకు సరిపోతుంది. జేబు కూడా ఒకసారి చూసుకోండి.